నలభై ఐదు గ్లాసులు

తనతో కలిపి నలభై ఆరుగురు. అందులో ఒకటి తీసెయ్యాలి, నలభై ఐదు. పక్కగది తలుపు బెత్తెడు తెరిచి, ఆ సందులోంచి బెంచీల మీది తలలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, కాంపౌండరమ్మ బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. చర్చిలో ఆమెను అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ముప్పైరెండేళ్లు ఆసుపత్రి మందుల గదిలో మాత్రలు లెక్కపెట్టి పొట్లాలు కట్టిన మనిషి. ఉద్యోగం అయిపోయి మూడేళ్లయినా వేళ్లకు ఆ లెక్క పోలేదు. నెల మొదటి ఆదివారం, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు ఆ రసం పోసే పని ఆమెది. బొటనవేలంత గాజు గ్లాసులు, వాటిని నిలబెట్టడానికి గుంటలు తొలిచిన రెండు చెక్క పళ్లేలు, సూది తీసేసిన పెద్ద సిరంజి. గ్లాసుకు ఐదు మిల్లీలీటర్లు, పాస్టరుగారికైనా అంతే, పక్కవీధి నుంచి అప్పుడప్పుడూ వచ్చే తాగుబోతుకైనా అంతే. నలభై ఐదు నింపాక సీసా అడుగున ఇంకొంచెం మిగిలింది. మిగిలింది దాచకూడదు, ఊరికే తాగకూడదు, శుభ్రమైన మట్టిలో కలపాలి, అది ఇక్కడి పద్ధతి. ఆరాధన అయ్యాక పోసినా ఎవరూ ఏమీ అనరు గాని, కడగని సీసాను వెనక పెట్టుకుని దేవుడి ముందు కూర్చోవడం ఆమెవల్ల కాదు. కిటికీలోంచి చెయ్యి చాచి గోడవారనున్న పూలమొక్క మొదట్లో వంచేసి, సీసా కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, వచ్చి చిట్టచివరి బెంచీలో తన చోట కూర్చుంది. అప్పటికి మొదటి పాట రెండో చరణంలో ఉంది.

పాస్టరుగారు పాస్టరు కాకముందు ఇళ్లకు వైరింగు చేసేవాడు. ఇప్పటికీ ప్రార్థన గురించి చెప్పాలన్నా పాపం గురించి చెప్పాలన్నా స్విచ్చుతోనో ఫ్యూజుతోనో తప్ప మొదలుపెట్టడు. ఇవాళ్టి సంగతి మనసును పరలోకం మీద నిలుపుకోవడం, కాబట్టి కరెంటు ఎక్కడో పుట్టి ఎక్కడికో వస్తుందనీ, మనం మాత్రం బల్బు కొన్న షాపువాడికి దణ్ణం పెడతామనీ చెబుతున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వలేదు. గురువారం సాయంత్రం ఆయన ఆమె గదికి వచ్చాడు. కుర్చీ ఒక్కటే ఉంది. ఆయన కూర్చుంటే పెద్దావిడ నించోవాలి, ఆవిడ కూర్చుంటే ఆయన మంచం మీద కూర్చోవాలి, ఎటూ తేల్చుకోలేక గడప దగ్గరే నిలబడి, "అమ్మా, ఆదివారం బల్ల అయ్యాక మీరు సాక్ష్యం చెప్పాలి. ఈ లోకం మీద ఆశ ఎలా వదులుకున్నారో మీ నోటితో వింటే మనవాళ్లకి కాస్త బుద్ధొస్తుంది" అన్నాడు. ఆమె "దేవుడి చిత్తం" అంది, అంటే సరేననే. ఆయన వెళ్లాక గదిని చుట్టూ చూసుకుంది. మంచం, బల్ల, కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గిన్నె, మూడు చీరలు, ఒక దుప్పటి. గోడకు అద్దం లేదు, తల దువ్వుకోవడానికి చెయ్యి చాలు. ఇంతకంటే ఏం చెప్పాలి, ఈ జాబితా చదివితే సాక్ష్యమే అనుకుంది. తనకు గర్వం లేదు. లేదని అంత గట్టిగా తెలియడమే అప్పుడప్పుడూ పంటి కింద రాయిలా తగులుతుంది గాని, రాయిని నాలుకతో పక్కకు తోసి నమలడం ఆమెకు అలవాటైపోయింది.

పైకి చూడండి, అన్నాడు పాస్టరుగారు. నలుగురైదుగురు నిజంగానే పైకి చూశారు. ఆమె కూడా చూసింది. పైన ఫ్యాను, మూడు రెక్కల్లో ఒకదానికి రంగు లేచిపోయింది. ఫ్యాను పక్కన పోయిన వానలకు పడిన చెమ్మ మచ్చ, చూసేవాళ్లను బట్టి కోడిలాగో కూజాలాగో ఉంటుంది. పరలోకం అంతకంటే పైన. చిన్నప్పుడు పరలోకమంటే తెల్లటి మెట్లనుకునేది. ఉద్యోగంలో చేరాక, ఎవరికీ చెప్పలేదు గాని, పెద్ద మందుల గది అనుకునేది: గోడ గోడంతా అరలు, ప్రతి సీసాకూ చీటీ, చీటీ మీద గుండ్రటి అక్షరాలు, కిటికీ అవతల మాత్రం జబ్బుపడ్డవాడు ఒక్కడూ ఉండడు, చీటీ పట్టుకుని "అమ్మా ఇది ముందా తిన్నాకా" అని అడిగేవాడూ ఉండడు. ఎవరూ అడగని ఆ నిశ్శబ్దం ఆమెకు ఇష్టంగా ఉండేది. మరి అక్కడ తనకేం పని అని ఒకసారి అనుమానం వచ్చింది. జబ్బులు లేనిచోట కాంపౌండరు ఎందుకు? ఊరికే కూర్చోవాలేమో. కూర్చోవడానికి కుర్చీలు ఎన్ని ఉంటాయో. గ్యాసు కట్టేసిందా? కట్టేసింది, మూడుసార్లు చూసింది. ఇదిగో, ఇదే. మనసు పైకి పోతుందనగా ఏదో ఒకటి కొంగు పట్టుకుని కిందికి లాగుతుంది, గ్యాసు పొయ్యో, గడియో, ఆరేసిన తువ్వాలో. వాటిని ఒక్కొక్కటిగా వదిలించుకోవడానికే వస్తువులు ఒక్కొక్కటిగా తీసేసింది. భర్త పోయినప్పుడు ఆయన చొక్కాలు వారంలోపే ఇచ్చేసింది. గుండె దిటవు చేసుకుని ఏడవకుండా నిలబడితే, ఎంత విశ్వాసమో అని అందరూ అబ్బురపడ్డారు. ఆ మాట విన్నాక ఏడవడానికి ఇక వీల్లేకపోయింది. ఏడుపు వచ్చింది నిజానికి, నాలుగు నెలల తర్వాత, మందుల గదిలో దగ్గుమందు సీసా మూత రాకపోతే. ఆయనైతే చీర కొంగు అడిగి పట్టుకుని తిప్పేవాడు. మూత రాలేదనే ఏడుస్తున్నానని పక్కావిడతో చెప్పింది.

ముందునుంచి మూడో బెంచీలో, కిటికీ వైపు చివర, చెల్లెలి మెడ కనిపిస్తోంది. తొమ్మిదేళ్లుగా ఆదివారం ఆదివారం చూస్తున్న మెడ. ముఖం సరిగ్గా ఎలా ఉందో ఇప్పుడు చెప్పమంటే తడుముకోవాలి గాని మెడ మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది: ఎండకు నల్లబడి, ఈల తాడు పడేచోట సన్నటి తెల్ల గీత. చెల్లెలు బడిలో డ్రిల్లు టీచరు. మూడొందలమంది పిల్లల్ని ఒక్క అరుపుతో వరసలో నిలబెట్టగలదు, ఆ గొంతు వింటే పావురాలు కూడా బారు తీరతాయని వాళ్ల హెడ్మాస్టరు అనేవాడు. చిన్నప్పుడు అక్కను కూడా అలాగే నడిపించేది, ఆరేళ్లు చిన్నదైనా. వెనక నుంచి ఒకటి రెండు అంటూ, అక్క పుస్తకం చదువుకుంటూ నడుస్తుంటే గుంటలో పడకుండా భుజం పట్టి తిప్పుతూ. ఆ చెల్లెలు తొమ్మిదేళ్లుగా అక్కతో మాట్లాడలేదు. చర్చి మాత్రం మానలేదు. వస్తుంది, పాడుతుంది, ఆ గొంతుతో పాడితే పక్కవాళ్ల పాట ఎవరికీ వినపడదు, బల్ల వచ్చినప్పుడు మాత్రం రొట్టె ముట్టదు, గ్లాసు ముట్టదు, పళ్లేన్ని పక్కవాళ్లకు అందించి తల వంచుకుంటుంది. మనసులో పగ పెట్టుకున్నవాళ్లు బల్ల ముట్టకూడదన్నది అందరికీ తెలిసిందే. తెలిసీ మింగేవాళ్లే ఎక్కువ. చెల్లెలు మింగలేదు. మొదటి నెల ఆమె వదిలేసిన గ్లాసు నిండుగా పళ్లెంలో చివరికొచ్చింది. కాంపౌండరమ్మ దాన్ని మొక్కలో పోసింది. రెండో నెలా అంతే. మూడో నెల నుంచి వృథా ఎందుకని ఒకటి తగ్గించి నింపడం మొదలుపెట్టింది. అందులో కోపం లేదు, మాత్రలు తీసుకోని రోగికి పొట్లం కట్టరు, అంతే. అలా అనుకోవడం తేలిగ్గానే ఉంది. తనకు ఎవరి మీదా పగ లేదు కాబట్టి తాను ప్రతి నెలా తాగింది.

బొంత కోసం వచ్చింది తగవంతా. అమ్మ పోయిన ఐదో రోజు. అమ్మ ఆఖరి ఏడాదంతా అక్క దగ్గరే ఉంది, వెనక గదిలో. ఖననం అయిన మర్నాడే చెల్లెలికి పిల్లల్ని ఆటల పోటీలకు తీసుకుపోవాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "శనివారం వస్తా అక్కా, అమ్మ బొంత నాకుంచు, ఇంకేమీ వద్దు" అని వీధి మలుపులోంచి అరిచింది. ఆ అరుపు నలుగురూ విన్నారు, అక్క వినలేదని చెప్పడానికి లేదు. విన్నది. విని, శుక్రవారంనాడు అమ్మ గది మొత్తం ఖాళీ చేసింది. మంచం, పెట్టె, చీరలు, కళ్లజోడు, చేతికర్ర, బొంత. అన్నీ ఆసుపత్రి వార్డుకు. గది ఊడ్చి, కడిగి, కిటికీ రెక్కలు తెరిచి, ఖాళీ గది మధ్యలో నిలబడితే ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు అది దైవభక్తి అనుకుంది. ఇప్పుడు ఇలా ఫ్యాను కింద కూర్చుని చూస్తే, అమ్మ పక్కమీద వాసనకు భయపడి పారిపోయినట్టుంది. చెల్లెలు శనివారం వచ్చింది, చెప్పులు విప్పకుండానే గదిలోకి వెళ్లింది, గోడలకేసి చూసింది. "ఎక్కడ?" "ఇచ్చేశాను. వస్తువే కదే, అమ్మ అందులో లేదుగా, అమ్మ పైనుంది." చెల్లెలు ఒంటికాలి మీద లేస్తుందనుకుంది. లేవలేదు. మూడొందలమందిని నిలబెట్టే ఆ గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా వచ్చింది. "నువ్వు పైకే చూస్తూ నడుస్తావు అక్కా. కింద ఎవరి కాలు తొక్కావో ఎప్పుడూ చూసుకోవు." అంతే. ఆ తర్వాత మాటల్లేవు. సాక్ష్యంలో దీన్ని ఎలా చెప్పాలి? బంధుప్రేమను కూడా జయించాను అనాలా? నిన్న రాత్రి ఆ వాక్యం అల్లుకుంది, బాగుందనిపించింది. ఇప్పుడు ఆ మెడకేసి చూస్తూ అనుకుంటే నోరు చేదైంది.

ఆ తర్వాతిది ఎవరికీ తెలియదు. బొంత ఎక్కడికీ పోలేదు. మందుల గది కిటికీ ముందునుంచి వార్డు బట్టలు ఉతుకుడుకు తీసుకెళ్లే బండి రోజూ పోయేది. ఇచ్చిన మూడో వారంలో ఆ బండి అంచున బొంత మూల వేలాడుతూ కనిపించింది. మాత్రలు ఐదేసి ఐదేసి జరుపుతున్న చెయ్యి ఆగింది, ముప్పై ఐదో నలభయ్యో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అమ్మ ఆ బొంతను వాళ్లిద్దరి చిన్నప్పటి బట్టలతో కుట్టింది. తన నీలం గళ్ల గౌను, చెల్లెలి పచ్చ గౌను, నాన్న చారల చొక్కా, ఇద్దరూ కొట్టుకుని చింపిన దిండు గలీబు. వార్డులోకి మందులిచ్చే పనిమీద వెళ్తే ఒకరోజు ఎవరో ముసలాయన కాళ్లమీద ఉండేది, ఒకరోజు జ్వరంతో వణికే పిల్ల మీద. పేరు రాసిచ్చి, ఇది మాది పొరపాటున వచ్చింది, బదులు కొత్త దుప్పట్లు రెండు ఇస్తానంటే ఇచ్చేసేవాళ్లు. వార్డు నర్సు స్నేహితురాలే. పధ్నాలుగు నెలలు ఆ బండి కిటికీ ముందునుంచి పోయింది. అడగలేదు. ఇచ్చినదాన్ని తిరిగి అడిగితే మనసు నేలకు జారినట్టేనని తనకు తానే చెప్పుకుంది. అసలు సంగతి, బొంత పట్టుకుని చెల్లెలి గుమ్మం ముందు నిలబడి తప్పయిందే అనాల్సి వస్తుంది. ఆ ఒక్క మాట అనలేక పరలోకాన్నంతా అడ్డం పెట్టుకుంది. బొంత పలచబడింది, నీలం గళ్లు వెలిసి తెల్లబడ్డాయి, పచ్చ ముక్క మాత్రం చివరిదాకా పచ్చగానే ఉంది. పదిహేనో నెలలో బండిలో కనిపించలేదు. ఆయా నడవా తుడుస్తున్న గుడ్డకేసి ఆమె ఆ నెలంతా చూడకుండా నడిచింది.

ఎవరో దగ్గారు. రొట్టె పళ్లెం వచ్చింది. ప్రసంగం ఎప్పుడు అయిపోయింది? చెప్పినంతసేపూ పైసంగతులే చెప్పాడు కాబోలు, ఆమె మాత్రం ఉతుకుడు బండి వెంట తిరిగొచ్చింది. ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుంది. రొట్టె దగ్గర మూసిన కళ్లు గ్లాసు చేతికి వచ్చేదాకా తెరవదు. ఆ కాసేపూ ఎవరు తీసుకున్నారో, ఎవరు దాటేశారో చూడడం తన పని కాదని ఆమె నియమం. చీకట్లో పళ్లేలు ముందు బెంచీల్లోంచి చేతులు మారుతూ వస్తున్న చప్పుడు వినపడుతోంది; గ్లాసు గుంటలోంచి పైకి లేచినప్పుడు చిన్న టక్కు, మళ్లీ టక్కు. అందరికీ అందాక అందరూ ఒకేసారి తాగుతారు. ప్రభువా, నా మనసు నీ మీద నిలుపు. నీలం గళ్లు. నీ మీద నిలుపు. పచ్చ ముక్క కాళ్లవైపు ఉండేది, ఎడమ మూల. ఇంతలో చెక్క అంచు మోచేతికి తగిలింది. రెండు పళ్లేలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కావిడ అందిస్తోంది. కళ్లు తెరిచింది. నలభై ఎనిమిది గుంటలు, అన్నీ ఖాళీ.

మొదట లెక్క తప్పిందనుకుంది. తప్పలేదు, లెక్క ఆమె చేతిలో ఎప్పుడూ తప్పలేదు. తల ఎత్తి బెంచీలు చూసింది. అందరి కుడిచేతులూ ఛాతీ దాకా ఎత్తి ఉన్నాయి, వేళ్ల మధ్య ఎర్రటి చుక్కలు. మూడో బెంచీ, కిటికీ వైపు చివర, ఎండ పడుతున్నచోట, ఎప్పుడూ ఒళ్లో ఉండే ఆ మోచెయ్యి కూడా ఎత్తి ఉంది. కాంపౌండరమ్మకు ముందు వచ్చింది సంతోషం కాదు, సిగ్గు. ఏనాడు చెయ్యి చాచాలనుకున్నా ఈ పళ్లెంలో చెల్లెలికి చోటు లేదు, ఉంచనిది తనే. గోడవార మొక్క అంత ఏపుగా ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది, తొమ్మిదేళ్లుగా చెల్లెలి వంతు అదే తాగుతోంది. ఇవాళ చెల్లెలి చేతిలో ఉన్నది ఎవరిది? తనది. పోసింది తనకోసం. చెల్లెలు ఎవరి వాటానూ లాక్కోలేదు, దాని చోట అది కూర్చుని దాని వంతు అది తీసుకుంది, మిగలనిది తనకు. పాస్టరుగారు గ్లాసు ఎత్తి ప్రతి నెలా అడిగే మాట అడిగాడు. "అందరికీ అందిందా?" ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆయన కూడా జవాబు కోసం అడగడు. గుప్పిట మూసి నోటి దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. చివరి బెంచీ, వెనక గోడ, ఎవరు చూస్తారు? తాగినట్టు తల వెనక్కి వంచడం ఎంతసేపు. తర్వాత లేచి, మంచం, బల్ల, కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు అని సాక్ష్యం చెప్పొచ్చు. గుప్పిట మూసుకుంది కూడా. ఖాళీ గుప్పిట అంత బరువుంటుందని ఆమెకు తెలియదు.

"అందలేదండీ," అంది లేచి నిలబడి. "ఒకటి తక్కువైంది."

తలలన్నీ వెనక్కి తిరిగాయి, మూడో బెంచీలోని ఒక్క తల తప్ప. సూర్యుడు పడమట పొడిచాడంటే నమ్మినా నమ్ముతారు గాని కాంపౌండరమ్మ లెక్క తప్పిందంటే ఎలా నమ్ముతారు?

"పర్లేదమ్మా, లోపల సీసాలో ఉంటే పోసుకు రండి, ఆగుతాం," అన్నాడు పాస్టరుగారు.

"లేదండీ. మిగిలింది మట్టిలో పోసేశాను." అక్కడితో కూర్చోవచ్చు. కూర్చుంటే పొరపాటుగా మిగిలిపోతుంది. "పొరపాటు కాదండీ. లెక్కపెట్టే పోశాను. మా చెల్లెలికి పోయలేదు. తొమ్మిదేళ్ల నుంచీ పోయడం లేదు."

ఎవరో పాటల పుస్తకం మూశారు. పాస్టరుగారికి ఏ స్విచ్చూ అందలేదు, గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు మూడో బెంచీలోంచి, తల తిప్పకుండానే, మైదానమంతా వినపడే గొంతు లేచింది.

"అక్కా, ఇటు రా."

ఆమె వెళ్లింది. ఆరు బెంచీలు దాటడానికి ఆరు మైళ్లు నడిచినట్టయింది, అయినా కాళ్లు వాటంతటవే ఒకటి రెండు అంటూ నడిచాయి, ఎవరో వెనకనుంచి భుజం పట్టి తిప్పుతున్నట్టు. నడుస్తున్నంతసేపూ కిందికే చూసింది, ఎవరి కాలూ తొక్కకుండా. చెల్లెలు పక్కావిడతో "కొంచెం జరగండి" అంది, తనూ కిటికీ వైపు జరిగింది. కూర్చున్నాక చూసింది అక్క, తొమ్మిదేళ్ల తర్వాత, జానెడు దూరం నుంచి: కనుబొమల్లో నెరిసిన వెంట్రుకలు, గడ్డం మీద పుట్టుమచ్చ, అచ్చం అమ్మ ముక్కు. ఇన్నాళ్లూ అమ్మ పైనుంది పైనుంది అనుకుంటూ, అమ్మ ముక్కు మూడో బెంచీలో ఉందని చూసుకోలేదు.

"ముందు నువ్వు తాగు," అని గ్లాసు అక్క చేతిలో పెట్టింది చెల్లెలు. "సగం ఎంతో నీకైతే సరిగ్గా తెలుస్తుంది."

ఐదులో సగం రెండున్నర. ముప్పైరెండేళ్లు చుక్క తొణక్కుండా పోసిన చెయ్యి గ్లాసును మెల్లగా పైకెత్తింది. పెదవికి తాకించి తీసేసింది. చెల్లెలు గ్లాసులోకి తొంగిచూసి, "సగం కాలేదు, ఇంకొంచెం" అంది. మళ్లీ ఎత్తింది. "అయ్యో, ఎక్కువైంది" అంది అక్క.

"పోనీలే," అని అడుగున మిగిలిన కాస్తా చెల్లెలు నోట్లో వేసుకుంది. పాస్టరుగారు ఆలస్యంగా తేరుకుని అనాల్సిన మాటలు అన్నాడు, మిగిలిన నలభైనాలుగు గ్లాసులూ ఒకదాని వెనక ఒకటి, బారు తప్పి లేచాయి. ఆ తర్వాత ఆయన చేతిలోని కాగితం చూసుకుని, కాంపౌండరమ్మకేసి చూసి, నసిగాడు. "ఇప్పుడు, అమ్మగారు సాక్ష్యం..."

"చెప్పేశానండీ," అంది ఆమె కూర్చున్నచోటునుంచే. ఆయన "అవునమ్మా" అని ఆఖరి పాట ఎత్తుకున్నాడు, కంగారులో మరీ పై శ్రుతిలో. చెల్లెలి గొంతు తప్ప ఎవరి గొంతూ అంత ఎత్తుకు చేరలేదు.

గ్లాసులు కడిగేది ఎప్పుడూ ఒక్కతే. ఇవాళ పక్కగదిలోకి చెల్లెలు కూడా వచ్చి, అడగకుండానే మేకుకు ఉన్న తువ్వాలు తీసుకుని పక్కన నిలబడింది. అక్క కడిగి ఇస్తోంది, చెల్లెలు తుడిచి గుంటలో పెడుతోంది. పది గ్లాసులు గుంటల్లోకి చేరాయి.

"కోపం ఎప్పుడు పోయిందే?" అంది అక్క నీళ్లకేసి చూస్తూ.

"మొన్న మంగళవారం. ఉల్లిపాయలు తరుగుతుంటే. ఉల్లిపాయ తరిగినప్పుడల్లా నిన్ను తిట్టుకోవడం అలవాటు నాకు, ఎలాగూ కళ్లనీళ్లొస్తాయి కదా అని. మంగళవారం తిట్టుకుందామంటే రాలేదు. ఎక్కడుందా అని వెతికాను కూడా. లేదు."

అక్కకు నవ్వొచ్చింది, ఈసారి నవ్వింది. నవ్వుతూనే భయమేసింది. పోయిన కోపాన్ని పోనిచ్చి ఊరుకోవచ్చు, బొంత సంగతి తెలిసినవాళ్లు తను తప్ప భూమ్మీద ఎవరూ లేరు. ఇరవయ్యో గ్లాసు రెండుసార్లు కడిగింది.

"బొంత మా ఆసుపత్రిలోనే ఉండేది. రోజూ నా కిటికీ ముందునుంచే పోయేది. అడిగితే ఇచ్చేసేవాళ్లు. అడగలేదు. నీ ముందుకొచ్చి తప్పయిందని అనాల్సొస్తుందని అడగలేదు. తప్పయిందే."

తువ్వాలు ఆగిపోయింది. "ఎన్నాళ్లు?"

"పధ్నాలుగు నెలలు."

చెల్లెలు కిటికీకేసి తిరిగింది. బయట ఏపుగా పెరిగిన మొక్క ఆకులు కిటికీ చువ్వలకు తగులుతున్నాయి. తర్వాత మళ్లీ ఇటు తిరిగి ఇంకో గ్లాసు కోసం చెయ్యి చాచింది. "నా పచ్చ గౌను ముక్క ఎలా ఉంది అప్పటికి?"

"పచ్చగానే ఉంది. అన్నీ వెలిశాయి, అదొక్కటే వెలవలేదు. కాళ్లవైపు, ఎడమ మూల."

"కుడి మూల."

"ఎడమే. నాకు బాగా గుర్తు."

"వస్తువే కదా అక్కా, అంత గుర్తెందుకు?" అంది చెల్లెలు. అక్క చేతిలోని గ్లాసు అందించింది. చెల్లెలు ముక్కు ఎగబీల్చి, "మళ్లీ కోపం వస్తోంది నాకు" అంది.

"రానీ. ఈసారి ఇంటికొచ్చి తిట్టు."

"ఎక్కడ కూర్చుని తిట్టను? మీ ఇంట్లో కుర్చీ ఒక్కటేనంటగా."

"నువ్వు కూర్చో," అంది అక్క. "నేను నించుంటా."

నలభై ఐదోది కూడా గుంటలో చేరింది. కాంపౌండరమ్మ చేతులు తుడుచుకోబోయి ఆగి, అరలో వెనక్కి చెయ్యి పెట్టి, సిరంజి డబ్బా వెనకనుంచి ఇంకో గ్లాసు తీసింది. అడుగున తొమ్మిదేళ్ల దుమ్ము గట్టిపడి ఉంది. వేలు పట్టని ఆ గ్లాసులో చిటికెనవేలు పెట్టి తిప్పి తిప్పి కడిగి, వెలుతురుకెత్తి చూసి, ఇంకోసారి కడిగి, చెల్లెలికి ఇచ్చింది.